ఫోటో నీదే అమ్మా, గుండు నాది కదా!

(తిరుపతిలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. వక్త కోరిక మీద వీడియో తీయలేదు. ఆడియో విని రాసిన పాఠమిది.)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ముందు వరసలో ఆ అన్న ఫోన్‌ను స్టాండుకు పెట్టి వీడియో తీస్తున్నారు. కంగారు పడకండన్నా, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆ కెమెరాలో నాతో పాటు ఈ పక్కన కూర్చున్న ఇద్దరు ఇంటర్ పిల్లలు కూడా పడుతున్నారు. వాళ్లనడిగారా? అడగలేదు. నన్నూ అడగలేదు లెండి. (నవ్వులు) వీడియో ఆపేసి మాటలు మాత్రం రికార్డు చేసుకోండి. రాసి ఎక్కడ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. చూశారా, పది సెకన్లలో అయిపోయింది. ఇవాళ నేను చెప్పాలనుకున్న దాంట్లో సగం ఇదే. మిగతా సగానికి మాత్రం కాస్త టైం పడుతుంది, అందులో చట్టం ఉంది కాబట్టి.

నేను పాతికేళ్లుగా ఇక్కడి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. భూమి తగాదాలు, కుటుంబ కేసులు ఎక్కువ. ఫోటోలు, పోస్టుల గొడవలు నా దగ్గరికి రావడం ఈ ఏడెనిమిదేళ్ల నుంచే. అయితే అలాంటి వాటిలో నాకు బాగా గుర్తున్న కేసు కోర్టులో నడవలేదు. మా వంటింట్లో నడిచింది. ఫిర్యాది మా అమ్మాయి, ముద్దాయిని నేను.

2011లో మా పాపకు మూడో ఏడు. కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాం. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చి, స్నానం చేయించి, గుండుకు చందనం పూశాం. అప్పటిదాకా బాగానే ఉన్న పిల్ల తల మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. జుట్టు లేదు. అంతే, ఏడుపు లంకించుకుంది. పచ్చటి గుండు, కారుతున్న ముక్కు, అంగుడు కనబడేంత తెరిచిన నోరు. వాళ్ల నాన్న ఎత్తుకుని సముదాయిస్తున్నారు. నేనేం చేశాను? ఫోటో తీశాను. ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టాను. ‘సో క్యూట్’ అన్నవాళ్లు, ‘గోవిందా’ అన్నవాళ్లు, బెంగళూరు నుంచి మా ఆడపడుచు, అందరూ లైకులు కొట్టారు. నాకు సంతోషమేసింది. తర్వాత మర్చిపోయాను.

ఫేస్‌బుక్ మర్చిపోలేదు. మా పాప తొమ్మిదో తరగతిలో ఉండగా, తన క్లాసు పిల్ల ఒకతి వాళ్లమ్మ ఫోన్లో నా ప్రొఫైల్‌ను కిందికి జరుపుకుంటూ పోయి పోయి ఆ ఫోటో దాకా వెళ్లింది. దాన్ని కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేశారు. కింద ఒక మాట కూడా రాశారు: ‘హోంవర్క్ చేయలేదు మేడం’. క్లాసు గ్రూపులో ఎవరు హోంవర్క్ మర్చిపోయినా ఆ స్టిక్కరే. మీకు నవ్వొస్తోంది, నాకూ వచ్చింది. మా పాపకు రాలేదు. రెండు రోజులు బడికి పోనంది. మూడో రోజు రాత్రి అన్నం దగ్గర అడిగింది.

‘అమ్మా, ఆ ఫోటో ఎందుకు పెట్టావు?’

‘ముద్దుగా ఉందని పెట్టాను.’

‘నన్నడిగావా?’

‘మూడేళ్ల పిల్లవి, నిన్నేం అడిగేది? అయినా అది నేను తీసిన ఫోటో. చట్టప్రకారం నాదే.’

ఆ పిల్ల కంచంలోంచి తలెత్తి అంది: ‘ఫోటో నీదే అమ్మా, గుండు నాది కదా!’

ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఎదుటి లాయరు ఎవరూ నన్ను ఇంత చిన్న మాటతో కూర్చోబెట్టలేదు. ఇందులో చిక్కేమిటంటే, మేమిద్దరం చెప్పిందీ నిజమే.

ముందు నా వాదన చూద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఫోటోకు కర్త ఎవరంటే తీసిన మనిషి అంటుంది ఆ చట్టం. ఫోటోలో ఉన్న మనిషి ఊసెత్తదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. బొత్తాం నొక్కగానే హక్కు పుడుతుంది. 2012లో సవరణ చేశాక, తీసిన మనిషి బతికున్నంత కాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అంటే నేను పోయిన 60 ఏళ్ల దాకా ఆ గుండు ఫోటో మీద నా వారసులకు హక్కు. నా వారసురాలు ఆమే కాబట్టి ఎప్పటికైనా కేసు ఆమే గెలుస్తుంది, అది వేరే సంగతి.

ఇదే సూత్రాన్ని ఇంకొంచెం లాగితే తమాషాగా ఉంటుంది. అలిపిరి పాదాల మండపం దగ్గర ‘అన్నా, మాకొక ఫోటో తీస్తారా’ అని మీ ఫోన్ దారిన పోయే ఆయన చేతిలో పెట్టారు. ఫోన్ మీది, మొహాలు మీవి, ఎదురుగా కొండ స్వామిది. నొక్కింది ఆయన. చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివితే ఆ ఫోటోకు కర్త ఆయనే. ఎవరూ కేసు వేయరు, భయపడకండి. పోనీ నొక్కింది మనిషి కాకపోతే? 2011లోనే ఇండోనేషియాలో ఒక బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ కెమెరాతో కోతి తన ఫోటో తానే తీసుకుంది. కోతి తరఫున అమెరికాలో కేసు వేశారు. చివరికి 2018లో అక్కడి అప్పీలు కోర్టు, కాపీరైట్ చట్టం కింద దావా వేసే అర్హత జంతువులకు లేదని కొట్టేసింది. మన ఘాట్ రోడ్డు కోతులకు ఈ తీర్పు తెలిసినట్టు లేదు, ఇంకా ఫోన్లు లాక్కుంటూనే ఉన్నాయి. (నవ్వులు)

తీసినవాడిదే ఫోటో అన్న దానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. పెళ్లిళ్ల ఊరు మనది, అందుకని ఇది మనకు బాగా పనికొస్తుంది. డబ్బులిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బులిచ్చి తీయించుకున్నవాళ్లే. స్టూడియో కాదు. సెక్షన్ 17లో ఉంది. ఆల్బం కోసం లక్షలు పోస్తున్నాం గానీ ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

దీని మీద నా దగ్గరికొక కేసు వచ్చింది. పేర్లూ ఊళ్లూ చెప్పను. పెళ్లయిన ఆరు నెలలకు ఒక అమ్మాయి అత్తగారు బస్సు దిగుతూ ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ చూసి ఆగిపోయింది. నిలువెత్తు ఫ్లెక్సీలో తన కోడలే. పట్టుచీర, బాసికం, బుగ్గన చుక్క. పైన ఒక బట్టల కొట్టు పేరు. ఇంటికెళ్లి కోడల్ని నిలదీసింది: ‘మోడలింగ్‌కు పోతున్నావా?’ ఆ పిల్లకు ఏం తెలుసు పాపం! స్టూడియో వాళ్లు ఆ ఫోటోను కొట్టుకు ఇచ్చేశారు. బిల్లు తెమ్మన్నాను. గులాబీ రంగు కాయితం. ముందు వైపు అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత అని ఉంది. తిరగేస్తే చీమల బారులాగా అక్షరాలు: ‘ఫోటోలను ప్రచారానికి వాడుకునే హక్కు మాకు కలదు’. దాని కింద ఎవరి సంతకమూ లేదు.

సంతకం లేని ఒప్పందాన్ని పట్టించుకోనక్కర్లేదని వాదిస్తూ నోటీసు తయారు చేశాను. నోటీసు ఎవరి పేరు మీద ఇవ్వాలి? డబ్బు కట్టింది వాళ్ల నాన్న. అంటే కాపీరైట్ ఆయనది. ఆయన్ని పిలిచి సంతకం చేయమన్నాను. ఆ అమ్మాయి నా వైపు అదోలా చూసింది. ‘మేడం, నా మొహం గురించి నోటీసు ఇవ్వడానికి మా నాయన సంతకం ఎందుకు?’

అప్పుడు నాకు మళ్లీ మా పాప గుండు గుర్తొచ్చింది. ఆస్తి హక్కు దారిలో పోతే మనకు దొరికేది ఇంతే. తీసినవాడు దొరుకుతాడు, డబ్బిచ్చినవాడు దొరుకుతాడు. ఫోటోలో ఉన్న మనిషి దొరకదు. ఆ నోటీసులో రెండో పేరా ఆ అమ్మాయి పేరు మీదే రాశాను, గోప్యత హక్కు కింద. మూడో రోజున ఫ్లెక్సీ దిగిపోయింది. ఏ పేరాకు భయపడ్డారో నాకు తెలియదు.

సరే, ఇక కంపెనీల సంగతికొద్దాం. ‘మేడం, మనం పెట్టిందంతా ఇన్‌స్టా వాళ్లదైపోతుందంట కదా’ అని చాలామంది అడుగుతారు. కాదు. యాజమాన్యం మాకొద్దు, మీదే అని వాళ్ల షరతుల్లోనే రాసి ఉంటుంది. మనకు అర్థమయ్యేలా చెప్తాను. కొండ మీద దర్శనానికి పోయేముందు ఫోన్ డిపాజిట్ కౌంటర్లో ఇస్తాం. టోకెన్ ఇస్తారు. తిరిగొచ్చి చూపిస్తే మన ఫోన్ మనకు. మధ్యలో వాళ్లు దాంతో ఫోన్లు చేసుకోరు. కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తాం. అది ఇచ్చేయడమే. ఆ జుట్టును దేవస్థానం వేలం వేసుకుంటుంది, కోట్లు వస్తాయి, మనకు దాంతో ఇక సంబంధం లేదు. సోషల్ మీడియాలో ఫోటో పెట్టడం ఈ రెండూ కాదు.

చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు తెలుసు, అది మామిడి తోటను గుత్తకు ఇచ్చినట్టు. తోట పట్టా మీ పేరే. కాయలు కోసుకునేది గుత్తదారు. కాకపోతే మన తోతాపురి తోట గుత్తకు ఒక గడువు ఉంటుంది, ముందు కొంత డబ్బు చేతిలో పడుతుంది, కాయ ధర పడిపోతే ఇద్దరూ కలిసి కలెక్టరాఫీసు ముందు కూర్చుంటారు. ఈ గుత్తలో డబ్బు లేదు. ప్రపంచంలో ఎక్కడైనా కాయ అమ్ముకోవచ్చు. గుత్తదారు ఇంకొకరికి మళ్లీ గుత్తకిచ్చుకోవచ్చు. కాయను కాయగానే వాడక్కర్లేదు, కోసి, ముక్కలు చేసి, గుజ్జు తీసుకోవచ్చు. ఇవన్నీ ఆ షరతుల్లో ఉన్నాయి: వాడుకోవడం, నకలు తీయడం, మార్చడం, అనువదించడం, దాన్నుంచి కొత్తది తయారుచేయడం. మీరు తీసేస్తే గుత్త ముగుస్తుంది, నిజమే. కానీ తీసేసింది వాళ్ల సర్వర్ల నుంచి పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. ఈలోపు ఎవరో దాన్ని సేవ్ చేసుకుని స్టిక్కర్ చేస్తే ఆ స్టిక్కర్ పోదు.

ఇక ఆ ‘నా ఫోటోలు వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కు నేను అనుమతి ఇవ్వడం లేదు’ అనే పోస్టు. చేతులెత్తండి, ఎంతమంది పెట్టారు? అబ్బో. వెనక మాస్టారు కూడా ఎత్తారు. 2012 నుంచి ఈ పోస్టు ప్రపంచమంతా తిరుగుతోంది. కొన్నిట్లో రోము ఒప్పందం అని కూడా ఉంటుంది. అది యుద్ధ నేరాల కోర్టుకు సంబంధించిన ఒప్పందం, మన ఫోటోలకు దానితో ఏం పని? గుత్త కాయితం మీద సంతకం పెట్టేసి, తర్వాత తోట కంచెకు ‘నేను గుత్తకివ్వలేదు’ అని బోర్డు తగిలిస్తే చెల్లుతుందా? అదీ ఇంతే. అందరూ కలిసి గట్టిగా అరిస్తే మాత్రం ఒక్కోసారి పనవుతుంది. 2012 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ షరతులు మార్చింది. మా ఫోటోలు ప్రకటనలకు అమ్ముకుంటారా అని జనం తిరగబడ్డారు. కొద్ది రోజుల్లోనే ఆ మాటలు వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు గుజ్జు గురించి. ఏఐ కంపెనీలు చేస్తున్నది అదే. 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ముందు, ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీ అధికారి ఒకామె ఒప్పుకున్నారు. 2007 నుంచి పెద్దవాళ్లు పబ్లిక్‌గా పెట్టిన పోస్టులూ ఫోటోలూ, వాళ్లు ప్రైవేటుకు మార్చుకోకపోతే, ఏఐ శిక్షణకు తీసుకున్నామన్నారు. మరి పెద్దవాళ్ల ఖాతాల్లో ఉన్న పిల్లల ఫోటోలు? అవీ వస్తాయన్నారు. ఐరోపాలో అక్కడి చట్టం వల్ల ‘మాది వద్దు’ అని చెప్పే దారి ఇచ్చారు, ఆస్ట్రేలియాలో ఇవ్వలేదు. నా పాత ఖాతా అంతా పబ్లిక్కే. అంటే మా పాప గుండు ఏ యంత్రం కడుపులో ఉందో నాకు తెలియదు. స్టిక్కర్‌నైతే గ్రూపులో అడిగి తీయించొచ్చు. పల్ప్ ఫ్యాక్టరీకి పోయి, ఈ డ్రమ్ములో మా తోట కాయ ఏదో ఏరివ్వండి అంటే ఇస్తారా?

నేను ఇందాక గోప్యత అన్నాను. ఆ మాట పుస్తకాల్లోది. ఇంట్లో మనం ప్రైవసీ అంటాం. అంతకు ముందు మనకున్న మాట గుట్టు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’. మా అవ్వ ఈ సామెతను ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నాకు ఆ మాటంటే ఇష్టమూ ఉంది, కోపమూ ఉంది. కుటుంబ కేసులు చూసేదాన్ని కదా. మొగుడు కొట్టినా బయటికి చెప్పొద్దంటే అది గుట్టు. ఆ గుట్టు ఇంటిది, ఇంటి పెద్దది. ఏది దాచాలో, ఏది చూపాలో పెద్దాయన చెప్తాడు. కోడలి దెబ్బలు దాచమంటాడు, కోడలి సీమంతం వీడియో పెట్టమంటాడు. ప్రైవసీ అనేది గుట్టుకు ఇంగ్లీషు పేరు కాదు. అది ఒక్కొక్క మనిషిది. ఇంటి పెద్ద నుంచి కూడా కాపాడుకోవాల్సిన సంగతి. మా పాప నన్నడిగింది అదే. బయటివాళ్ల మీద కాదు, అమ్మ మీద.

చట్టంలోకి ఈ ఆలోచన రావడానికీ కెమెరాయే కారణం. 1888లో కొడాక్ కెమెరా వచ్చింది, ఎవరైనా పట్టుకు తిరగొచ్చు. రెండేళ్లకు, 1890లో, అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు గోప్యత హక్కు మీద వ్యాసం రాశారు. చటుక్కున ఫోటోలు తీసేవాళ్లూ, ఊసుపోని కబుర్లు అచ్చేసే పత్రికలూ ఇళ్లలోకి చొరబడుతున్నాయని వాళ్ల బాధ.

మన దగ్గర 1994లో సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో ఒక మాట చెప్పింది. తన గురించి, కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు లాంటి వాటి గురించి అనుమతి లేకుండా ఎవరూ ప్రచురించకూడదు, పబ్లిక్ రికార్డులో ఉన్నవి వేరు అని. అది పక్కన తమిళనాడు నుంచి పోయిన కేసు. అసలు పెద్ద తీర్పు 2017 ఆగస్టు 24న వచ్చింది. కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జస్టిస్ పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 86. ఆ వయసులో మనం పాస్‌వర్డ్ మార్చడానికే మనవణ్ణి పిలుస్తాం. అసలు ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 1954లో, 1962లో వచ్చిన తీర్పులు చూపించింది. తొమ్మిది మంది జడ్జీలు కూర్చున్నారు. తొమ్మిది మందీ ఏకగ్రీవంగా, అది ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో ఉన్న హక్కేనని చెప్పారు.

ఆ హక్కును కోర్టులో నిలబెట్టుకోవడం ప్రభుత్వం మీద తేలిక. ఫ్లెక్సీ వేసినవాడి మీద, కంపెనీ మీద పోవాలంటే చట్టం కావాలి. అందుకే 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చారు. ఆగస్టు 11న రాష్ట్రపతి సంతకమైంది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది, అందులోనూ కంపెనీల మీద భారం పెట్టే ముఖ్యమైన సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? మా పాప కేసును ఇందులో పెట్టి చూశాను, లాయరు బుద్ధి కదా.

ఒకటి. ఒక మనిషి తన సొంతానికో ఇంటి పనికో వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. తల్లి ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టడం ఇంటి పనేనా? వాదించుకోవచ్చు. రెండు. ఎవరైనా తమ వివరాలు తామే బహిరంగంగా పెట్టుకుంటే వాటికీ ఇది వర్తించదు. అంటే మీరు పబ్లిక్‌గా పెట్టిన సెల్ఫీని ఏ కంపెనీ ఏరుకుపోయినా ఈ చట్టం మీ వెంట రాదు. నాకు ఇది పెద్ద కంతలా కనిపిస్తుంది. వీధి అరుగు మీద కూర్చున్నంత మాత్రాన వచ్చేపోయేవాళ్లంతా నన్ను ఫోటోలు తీసి అమ్ముకోవచ్చా? మూడోది వింటే నవ్వొస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లల డేటా వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. మంచిదే. మా పాప విషయంలో అనుమతి ఎవరివ్వాలి? నేను. ముద్దాయి చేతికే తాళం చెవి!

ఫ్రాన్సులో 2024లో దీని మీద ఒక చట్టం చేశారు. పిల్లల ఫోటోల విషయంలో వాళ్ల ప్రైవసీని కాపాడటం తల్లిదండ్రుల బాధ్యతే అన్నారు, వయసునూ తెలివినీ బట్టి పిల్లల మాట కూడా తీసుకోమన్నారు. మన దగ్గర అలాంటిది లేదు. సినిమావాళ్ల సంగతి వేరు, వాళ్ల మొహానికి మార్కెట్లో ధర ఉంది. అనిల్ కపూర్ 2023లో, మన నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి పేరు, బొమ్మ ఎవరూ వాడుకోకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. గాంధీ రోడ్డులో పూలమ్మే అవ్వ మొహం మీద రోజుకు ఎన్ని రీల్స్ వస్తున్నాయి! ఆమె ఢిల్లీ దాకా పోతుందా?

ఇక్కడ ఆడపిల్లలున్నారు కాబట్టి ఇంకో విషయం. దీని మీద నవ్వుతూ మాట్లాడలేను. నమ్మి పంపిన ఫోటోను బయటపెడతానని బెదిరించే కేసులు వస్తున్నాయి. వచ్చినప్పుడల్లా అవతలివాళ్ల మొదటి మాట ఒకటే: ‘తీసుకోవడానికి ఒప్పుకుంది కదా మేడం’. చట్టం దీనికి ఎప్పుడో జవాబు రాసి పెట్టింది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్లో స్పష్టంగా ఉంది. తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు చూపడానికి ఒప్పుకోకపోతే, చూపించడం నేరం. దానికి ముందున్న ఐపీసీలోనూ ఈ మాట ఉండేది. ఐటీ చట్టంలో 66ఇ కింద మూడేళ్ల దాకా జైలు. ఇలాంటి ఫోటోను తీసేయమని ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో తీయాలో కూడా నిబంధనల్లో ఉంది. 2021లో అవి వచ్చినప్పుడు 24 గంటలన్నారు. సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 1930కి ఫోన్ చేయొచ్చు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సదుపాయం ఉంది. అందులో ఫోటోను ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్లోనే ఆ ఫోటోకు వేలిముద్ర లాంటి ఒక అంకె తయారవుతుంది, అది మాత్రమే వెళ్తుంది. చేరిన కంపెనీలు ఆ అంకెతో పోల్చి చూసి, ఆ ఫోటో తమ దగ్గర పైకి రాకుండా ఆపుతాయి. తల్లులకు ఒక్క మాట. పిల్ల వచ్చి చెప్తే ముందు ఫోన్ లాక్కోకండి. స్క్రీన్‌షాట్లు అందులోనే ఉంటాయి. సాక్ష్యాన్ని మీరే పోగొట్టినట్టవుతుంది. తిట్లు ఏమైనా ఉంటే తర్వాత తిట్టుకోవచ్చు, అసలు తిట్టకపోతే ఇంకా మంచిది.

నేను చాలాసేపు మాట్లాడాను. అడగాలనుకున్నవాళ్లు అడగండి.

(వెనక నుంచి ఒక పెద్దాయన: అమ్మా, నేను ఫేస్‌బుక్‌లో పద్యాలు రాస్తుంటాను. మొన్న నా పద్యమే నాకు వాట్సాప్‌లో వచ్చింది. కింద ‘సేకరణ’ అని ఇంకెవరి పేరో ఉంది. ఏం చేయాలి?)

మాస్టారూ, ఇందాక ఆ పోస్టుకు చెయ్యెత్తింది మీరే కదూ! (నవ్వులు) సేకరణ అనేది మన తెలుగు వాట్సాప్ కనిపెట్టిన గొప్ప మాట. పక్కవాడి చెట్టు కాయ కోసుకొచ్చి బుట్ట మీద ‘సేకరణ’ అని రాస్తే కాయ మనదవుతుందా? పద్యం రాసిన క్షణం నుంచి మీదే. అంతేకాదు, రాసినవాడి పేరు ఉండాలని అడిగే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్లో విడిగా ఉంది. కాపీరైట్‌ను మీరు ఇంకొకరికి అమ్ముకున్నా ఆ హక్కు మీ దగ్గరే ఉంటుంది. మీ పోస్టు తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముందు ఆయనకే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. సగం మంది పాపం తెలియక చేస్తారు, పేరు వేసి మళ్లీ పంపుతారు. మిగతా సగానికి నేనున్నాను.

(ఒక విద్యార్థిని: మేడం, మా పెద్దమ్మ మా ఇంట్లో జరిగిన ప్రతిదీ స్టేటస్ పెట్టేస్తుంది. వద్దంటే కోపమొస్తుంది. ఎలా?)

సెక్షన్లు పెద్దమ్మల మీద పనిచెయ్యవమ్మా. (నవ్వులు) మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. ఆ రాత్రి నేనూ మా పాపా కూర్చుని నా ఖాతాలో ఉన్న ఆమె ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాం. మొత్తం నాలుగు వందల పైచిలుకు. నేననుకున్నట్టు అన్నీ తీసేయమనలేదు. గుండువి తీసేయమంది. జ్వరంతో పడుకున్నది తీసేయమంది. మార్కుల షీటు తీసేయమంది, అందులో హాల్‌టికెట్ నంబరు కూడా ఉందట, నేను గమనించనే లేదు. చిన్నప్పుడు వాళ్ల తాతతో దిగినవి మాత్రం ఉంచమంది, ఆయన ఇప్పుడు లేరు. రాత్రి ఒంటిగంట అయింది. మీ పెద్దమ్మతో కూడా ఒకసారి అలా పక్కన కూర్చుని చూడు. వద్దు అనే ముందు ఏవి ఉంచొచ్చో చెప్పు. కోపం కొంచెం తగ్గొచ్చు.

(ముందు వరస నుంచి ఒక అబ్బాయి: మేడం, ఆ గుండు ఫోటో ఒక్కసారి చూపిస్తారా?)

అడుగుతారని తెలుసు నాయనా. మా పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇక్కడికి వచ్చేముందు ఈ కథ చెప్పొచ్చా అని ఆమెకు ఫోన్ చేశాను. కాసేపు ఆలోచించి, గుండు గురించి చెప్పుకో, స్టిక్కర్ మీద ఏం రాశారో కూడా చెప్పుకో, ఫోటో మాత్రం చూపించొద్దు, నా పేరు చెప్పొద్దు, ఏ కాలేజీయో చెప్పొద్దు అంది. సరేనన్నాను. ఆ అన్న ఫోన్లో రికార్డవుతోంది కూడా. (నవ్వులు, చప్పట్లు)